కిటికీ పక్క బల్ల మీద రెండో కంచం

సభకు అధ్యక్షత వహిస్తున్న ఫాదర్ కాసిమిర్ గారికీ, ఈ వెన్జెల్ బారుకు యజమానీ వంటవాడూ అయిన రూడీకీ, ముందు వరసలో కూర్చున్న పెద్దలకూ, కింద బౌలింగు ఆట ఇవాళ్టికి మానేసి మెట్లెక్కి వచ్చిన మిత్రులకూ, ఇంత మంచులోనూ దక్షిణ మిల్వాకీ వీధులన్నీ దాటి నడిచి వచ్చిన అందరికీ నమస్కారం. ఇక్కడ ఇన్నేళ్లూ వడ్డించి ఇవాళ సన్మానం అందుకుంటున్న ఆవిడకు వేరే నమస్కారం పెడదామని చూస్తే, వేదిక మీద ఆవిడకు వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. అదిగో, బారు వెనక నిలబడి గ్లాసులు తుడుస్తున్నారు. తన వీడ్కోలు సభకు కూడా ఏప్రన్ కట్టుకుని వచ్చిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు. బెర్నీస్ గారూ, మీరున్న చోటికే నమస్కారం. (నవ్వులు)

నా పేరు నార్బర్ట్ క్లాయిబర్. ముప్ఫై మూడేళ్లు ఈ ఊరి సిటీ బస్సు నడిపి దిగినవాణ్ణి. మైకు పట్టుకుని స్టాపుల పేర్లు చెప్పడమే తప్ప ఉపన్యాసాలు ఎరగను కాబట్టి, మధ్యలో ఎక్కడైనా 'దిగేవాళ్లు వెనక తలుపు నుంచి దిగండి' అంటే పెద్దలు మన్నించాలి. (నవ్వులు) ఇంతమంది ఉండగా ఫాదర్ గారు నన్నెందుకు లేవమన్నారంటే, ఈ ఊళ్లో నా అంతగా బయట తిన్నవాడు ఇంకొకడు లేడట. అది నిజమే. పంతొమ్మిదేళ్ల కిందట నా భార్య ఆర్లీన్ పోయింది. నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. అప్పటి నుంచీ సరస్సు ఒడ్డున తెల్ల గుడ్డలు పరిచిన హోటళ్ల దగ్గర్నుంచి ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉండే బార్ల దాకా నేను తినని చోటు, తాగని చోటు లేదు.

ఇన్నేళ్లు తిన్నాక హోటల్ని కొలవడానికి నాకంటూ ఒక కొలత ఏర్పడింది. చేప ఎంత కరకరలాడింది, రై రొట్టె ఆ రోజుదేనా, బ్రాందీలో నారింజ ముక్క తాజాదా, డబ్బాలోదా, ఇవన్నీ తర్వాత చూస్తాను. ముందు చూసేది, ఒక్కడే వచ్చిన మనిషిని ఎక్కడ కూర్చోబెడతారన్నది. మీలో జంటగా తిరిగేవాళ్లకు ఈ సంగతి తెలియదు, తెలియకుండా ఉండాలనే కోరుకుంటాను. ఒంటరివాడికి దొరికేది బాత్రూము తలుపు పక్క బల్ల, లేదా కోట్లు తగిలించే కొయ్యల కింద బల్ల. పేరు చెప్పను గాని, సరస్సు ఒడ్డు హోటల్లో ఒక సర్వరు నా బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి, 'మీతో ఇంకెవరైనా వస్తున్నారా?' అని అడిగి, ఎవరూ లేరంటే ఎంతో మర్యాదగా ఆ కొవ్వొత్తి ఊది పట్టుకెళ్లాడు. ఒక జర్మన్ హాల్లో అకార్డియన్ వాయించే ఆయన ప్రతి బల్ల దగ్గరా ఆగి ఒక పాట వాయించి, నా బల్ల వచ్చేసరికి చూపు పైకప్పు మీదికి మళ్లించి దాటిపోయాడు. అన్నీ ఇలాగే ఉన్నాయని అనను. పదహారో వీధిలో ఒక మెక్సికన్ ముసలమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తన మనవల మధ్య కూలేసి, నాకు అర్థంకాని భాషలో తిడుతూ కడుపు నిండా పెట్టింది. ఆ పూట నేను తిన్నదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. చాలా బాగుంది.

అన్నిటికన్నా కష్టమైన సంగతి ఒకటుంది. ఇద్దరు కూర్చునే బల్ల దగ్గర ఒక్కడు కూర్చుంటే, సర్వరు వచ్చి ఎదుటి కంచం తీసేస్తాడు. కంచం, దాని మీద ఫోర్కూ కత్తీ, పక్కన గ్లాసూ. తప్పేమీ కాదు, వాళ్ల పని అది. కాని కంచం మీద ఆ ఫోర్కు దొర్లే చప్పుడు ఉంటుంది చూడండి, అది విన్నాక వడ్డించినదేదీ నాకు గొంతు దిగేది కాదు.

ఆర్లీన్ పోయిన మూడో వారం, నవంబరులో ఒక శుక్రవారం ఇక్కడికి వచ్చాను. మేమిద్దరం శుక్రవారం చేపకని ఇక్కడికే వచ్చేవాళ్లం. ఆ కిటికీ పక్క బల్లే మాది, బౌలింగు కప్పుల అలమారు కిందది. బెర్నీస్ గారు నన్ను చూసి ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "ఏమయ్యా, తలుపు వెయ్యి, చలొస్తోంది. నీ బల్ల ఖాళీగానే ఉంది, వెళ్లి కూర్చో," అన్నారు. కూర్చున్నాను. ఇక ఎదుటి కంచం తీసేస్తారని కళ్లు మూసుకున్నాను. ఆవిడ వచ్చారు, బ్రాందీ పెట్టారు, వెళ్లిపోయారు. కళ్లు తెరిస్తే కంచం అక్కడే ఉంది. ఆ శుక్రవారమే కాదు, ఈ పంతొమ్మిదేళ్లలో ఒక్క శుక్రవారం కూడా ఆవిడ దాన్ని తియ్యలేదు. ఈస్టరుకు ముందు తపస్సు కాలంలో, ఊరంతా మాంసం మాని చేపకు వచ్చే శుక్రవారాల్లో వీధి మలుపు దాకా జనం నిలబడి ఉన్నప్పుడు కూడా, 'ఆ కుర్చీ ఖాళీయేగా' అని అడిగినవాళ్లకు, "ఖాళీ కాదు" అని ఒక్క మాట చెప్పి పంపించేవారు.

ఆవిడ గుణం ఎలాంటిదో తెలిసినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ఈ గదిలో ఒకాయన తాగుడు మానేసి పదకొండేళ్లయింది. పేరు చెప్పను, మీరు తల దించుకోనక్కర్లేదు సార్. మానిన కొత్తలో, స్నేహితుల మధ్య ఖాళీ చేత్తో నిలబడలేక బారుకే రావడం మానేద్దామనుకున్నాడాయన. బెర్నీస్ గారు ఎవరికీ చెప్పకుండా సోడాలో కాస్త కోలా కలిపి, నారింజ ముక్క గుచ్చి, పైన చెర్రీ పెట్టి, అచ్చం మన బ్రాందీలా తయారుచేసి ఆయన ముందు పెట్టేవారు. పక్కనున్నవాళ్లకి కూడా రెండేళ్లు తెలియలేదు. (కరతాళ ధ్వనులు) ఎవరికి ఏం కావాలో అడక్కుండా చూసే మనిషి ఆవిడ. తనకేం కావాలో మాత్రం నోరు విప్పి అడగరు. మనం చూడం. ముఖ్యంగా నేను చూడలేదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పవచ్చునా అని నిన్న ఫోన్ చేసి అడిగాను. "నీ నోరు, నీ ఇష్టం. కాని తొందరగా ముగించు, శుక్రవారం వంటింట్లో పనుంటుంది," అన్నారు. కాబట్టి అనుమతి ఉంది. (నవ్వులు)

ఆ రెండో కంచం ఆర్లీన్ కోసమని నేను అనుకున్నాను. చచ్చిపోయిన నా భార్యకు ఈ ఊరంతటిలో ఒక్క చోట ఇంకా కంచం పెడుతున్నారని ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఎవరూ వినకుండా ఆ కంచంతో మాట్లాడేవాణ్ణి కూడా. ఈ వారం చేప బాగుంది, బస్సులు మళ్లీ ఆలస్యం, మోకాలు నొప్పిగా ఉంది, ఇలాంటి మాటలే. బెర్నీస్ గారు అటుగా వస్తూ అది గమనిస్తే మొహం తిప్పుకుని వెళ్లేవారు. గౌరవం కొద్దీ అనుకున్నాను.

పెద్ద వెన్జెల్ గారు, అంటే రూడీ నాన్నగారు బతికున్నన్నాళ్లూ ఇక్కడ ఒక నియమం ఉండేది. వడ్డించేవాళ్లు, వచ్చినవాళ్ల పక్కన కూర్చోకూడదు. పద్నాలుగేళ్ల కిందట ఆయన పోయారు, రూడీ ఆ నియమం తీసేశాడు. తీసేసిన మొదటి శుక్రవారం బెర్నీస్ గారు నా బల్ల దగ్గరికి వచ్చి, ఆ ఎదుటి కుర్చీ వీపును గుడ్డతో తుడిచి, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డారు. చాలాసేపు నిలబడి, "ఇవాళ కాళ్లు లాగేస్తున్నాయి," అన్నారు. నేనేమన్నానో తెలుసా? "అయ్యో, లోపలికెళ్లి కాసేపు కూర్చోండి," అన్నాను. (నవ్వులు)

నవ్వండి. నవ్వవలసిందే. నాకు మాత్రం ఈ వారమంతా నవ్వు రాలేదు.

పోయిన శుక్రవారం కొత్తగా చేరిన టెస్, పాపం తనకేం తెలుసు, నేను ఒక్కణ్ణే ఉన్నానని ఆ కంచం తియ్యబోయింది. నేను గొంతు పెంచి, "ఉంచమ్మా, అది మా ఆవిడది," అన్నాను. వెనకాలే బెర్నీస్ గారు ఉన్నారు. ట్రే చేతిలో ఉంది. అలాగే వంటింట్లోకి వెళ్లారు, ఆ సాయంత్రం మళ్లీ నా బల్ల దగ్గరికి రాలేదు. నేను కోటు వేసుకుంటుంటే రూడీ బయటికి వచ్చి, నన్ను గోడవారకు తీసుకెళ్లాడు. రూడీ, నువ్వన్న మాటలే చెబుతున్నాను, తప్పయితే దిద్దు.

"బాబాయ్, ఇన్నేళ్లూ అది ఆర్లీన్ పిన్ని కోసమనుకున్నావా? మొదట్లో అయ్యుండొచ్చు. నాన్న పోయిన దగ్గర్నుంచి ప్రతి శుక్రవారం ఏడున్నరకి ఈవిడ నా దగ్గరికొచ్చి, 'రూడీ, ఆఖర్న నాకో చేప ముక్క వెయ్యి, ఇవాళ కూర్చుంటానేమో' అంటుంది. వేస్తాను. కాసేపు నీ బల్ల వైపు చూసి, ఆ ప్లేటు పట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడి తినేస్తుంది. పద్నాలుగేళ్ల నుంచీ నిలబడే తింటోంది బాబాయ్."



క్షమించాలి. కొంచెం నీళ్లు తాగుతాను.

ఈ ఊళ్లో ప్రతి హోటల్నీ, ఒంటరి మనిషిని ఎలా చూస్తారన్న ఒక్క కొలతతో కొలిచి తప్పులెన్నినవాణ్ణి నేను. కొవ్వొత్తి ఊదేసినవాణ్ణి ఇప్పటికీ తిట్టుకుంటాను. అలాంటిది, నా ఎదుట ఒక మనిషి పద్నాలుగేళ్లు నిలబడి ఉంటే, కూర్చోమని ఒక్క మాట అనలేదు. నా కళ్లకి నా ఒంటరితనమే కనబడింది. సిగ్గుగా ఉంది, బెర్నీస్ గారూ. ఈ మాట మీ ఒక్కరికే చెబితే సరిపోయేదేమో. కాని ఆ కుర్చీ ఖాళీ కాదని మీరు పంతొమ్మిదేళ్లు నలుగురిలో చెప్పారు కాబట్టి, నేను కూడా నలుగురిలోనే చెబుతున్నాను. ఆర్లీన్‌కి కోపం రాదు. ఆవిడే ఉండి ఉంటే మొదటి రోజే డొక్కలో పొడిచి, 'ఆవిణ్ణి కూర్చోమనవయ్యా' అనేది.

బెర్నీస్ గారు సోమవారం ఉత్తరాన డులూత్ ఊరికి వెళుతున్నారు, ఇక చెల్లెలి దగ్గరే ఉండడానికి. ప్రయాణం మానమని అడిగే హక్కు నాకు లేదు, అడగను. డులూత్‌లో కూడా శుక్రవారాలుంటాయనీ, అక్కడికి బస్సు వెళుతుందనీ మాత్రం నాకు తెలుసు. (నవ్వులు)

ఈ సభ ఏర్పాటు చేసిన ఫాదర్ కాసిమిర్ గారికీ, ఇంతసేపు ఓపిక పట్టిన పెద్దలకూ, నేను కసిరినా ఇవాళ నవ్వుతూ పలకరించిన టెస్‌కీ నా కృతజ్ఞతలు. రూడీకి వేరే కృతజ్ఞతలు. పొద్దున్న వెళ్లి అతన్ని రెండు కోరికలు కోరాను, రెండూ తీర్చాడు. ఆఖరి ముక్కలు ఇప్పుడే నూనెలో వేశాడు, వాసన మీకూ వస్తూ ఉండాలి. రెండోది, ఇవాళ్టికి ఆ కిటికీ పక్క బల్లకు వడ్డించేది నేను. అలవాటు లేని పని, చేప పక్కన వేసే క్యాబేజీ ముక్కలు కాసిని కింద పడినా ఎవరూ ఏమీ అనకండి.

బెర్నీస్ గారూ, ఆ గ్లాసు ఎప్పుడో ఆరిపోయింది, ఇక కింద పెట్టండి. ఏప్రన్ విప్పి, వచ్చి మీ కంచం దగ్గర కూర్చోండి. మిగిలిన మీ అందరి దగ్గరా, సెలవు.