దసరా నాడు బొట్టు పెట్టిన సీసా

ముంబై కామాఠిపురా పదకొండో గల్లీ చాల్‌లో ముత్తయ్య ఉండే చిన్న ఖోలీ గది. ఆ ఊళ్లో సగం తానే కట్టానని చెప్పుకునే ఆ మాజీ గుంపు మేస్త్రీ మంచం మీద ఉన్నాడు. ఎదుట ప్లాస్టిక్ కుర్చీలో తమ్ముడి కూతురు మనాలి, ఆపరేషన్ కుట్లకు వాడే కరిగిపోయే దారాల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. వంటింటి తెర దించి ఉంది.

“మళ్ల అడుగుతున్న పెదనాయినా. దసరా నాడు మా ల్యాబుకొచ్చి ఆ సీసకు ఏమేం పెట్టినవ్?”

“ఎన్నిసార్లడుగుతవే? పసుపు, కుంకుమ, నాలుగు అక్షింతలు. ఆయుధపూజ నాడు నా తాపీకి, మాల్ మోసే గమేలాకు ఏం పెడ్తనో గదే పెట్టిన.”

“మూత మీదనా, లోపల్నా?”

“మూత తీసిన. పెట్టెల పెట్టి తాళమేసిన దేవునికి ఎవలన్న పూజ చేస్తరా? బొట్టు పనిముట్టుకు పెట్టాలె, డబ్బకు కాదు.”

“మూత తియ్యద్దని బోర్డున్నది.”

“ఇంగ్లీషుల ఉండె.”

“మరాఠీల సుత ఉండె.”

“అద్దాలు తెచ్చుకోలే. ఏం కొంప మునిగిందో చెప్పు. మాల్ ఖరాబయిందా?”

“బఘా, తసం నాహీ—”

“తెలుగుల ఏడ్వు.”

“ఖరాబ్ కాలే. గదే నా మొత్తుకోలు. మస్తుగొచ్చింది.”

“మస్తుగొస్తే మొఖం గట్ల పెట్టినవెందుకు?”

“ఆ సీసల ఉండేది క్యాటలిస్టు. దాని పనేందో నీకు ఎన్నిసార్లు చెప్పిన?”

“చెప్పినవ్. నాకు నిద్రొచ్చింది.”

“ఇప్పుడు మేలుకో. ఊరి నుంచి కొత్త కూలోడు వస్తడు. మోకాళ్ల చుట్టు చేతులు కట్టుకొని ముడుచుకొని కూసుంటడు. ఆడు లాక్టైడ్ అనుకో, మా దారానికి ముడిసరుకు. మక్కల నుంచి తీస్తం. చూస్తే తెల్లటి పలుకులు, లోపల ప్రతి అణువు గట్లనే గుండ్రంగ ముడుచుకొని ఉంటది. నువ్ మేస్త్రీవి. పోయి ఏం చేస్తవ్?”

“చెయ్యి పట్టి గుంజుత. లెవ్వురా అంట.”

“గంతే. ముడుచుకున్నోణ్ని విప్పి వరుసల నిలబెడ్తవ్. ఎక్కడ?”

“నాకూ, చివరోనికీ నడుమ. కొత్తోణ్ని దూరం పెడ్తే గమేలా కింద పడేస్తడు.”

“క్యాటలిస్టు చేసేది సుత గదే. వచ్చినోణ్ని వచ్చినట్టు నడుమ ఇరికిస్తది. వరుస పొడుగైతది, దారమైతది. మేస్త్రీ మాత్రం చివర్నే ఉంటడు.”

“గింత చదువు చదివి తెలుసుకున్నది గిదా? నన్నడిగితే చాయ్ తాగినంత సేపట్ల చెప్తుంటి.”

“ఇందాక నిద్రొచ్చిందంటివి. ఇను. అందరు ఎక్కువ వాడే మేస్త్రీ తగరం. పనిల గట్టోడే. కాని పనైనంక సుత పోడు, జరంత దారంలనే కూసుంటడు. కుల పంచాయితీల నీ లెక్క.”

“ఏయ్.”

“కుట్టు కరిగినంక ఆ తగరం ఒంట్లనే మిగుల్తది. మంచిది కాదు. అందుకే ఒంటికి నష్టం చెయ్యని మేస్త్రీని దేవులాడుతున్నం.”

“అయినా కరిగిపోయేది కట్టేటోడు మేస్త్రీ ఎట్లైతడే? కడితే నేను వర్లిల కట్టిన బిల్డింగు లెక్క ఉండాలె.”

“దాన్ని పోయినేడు కూలగొట్టిన్రు పెదనాయినా.”

“బిల్డర్ కూలగొట్టిండు. అది కూలలే. ఫరక్ ఉన్నది.”

“సరే, నేను తెచ్చిన వడాపావ్ చల్లారుతున్నది, తిను. బండోడు మిరపకాయ సుత ఇచ్చిండు.”

“నాకొద్దు. కడుపుల మంట.”

“మొన్న పండ్ల నొప్పన్నవ్.”

“పండ్లు నావే, కడుపు నాదే. నీ ముచ్చట చెప్పు.”

“నీ పూజ అయినంక ఆ సీసతోని చేసిన దారం ఎన్నడు రానంత పొడుగొచ్చింది, గట్టిగొచ్చింది. మా సార్ ఎగిరి గంతేసిండు. కంపెనీవాళ్లకు ఫోన్ జేసి, కొత్త క్యాటలిస్టు కనిపెట్టిన అన్నడు.”

“ఆయన కనిపెట్టుడేంది? పూజ నాది!”

“సోమవారం వాళ్లొస్తున్నరు. వాళ్ల ముందర మళ్ల చెయ్యాలె. అండ్ల ఏం కలిసిందో ఎవలకు తెల్వదు.”

“కనిపెట్టినోణ్నే అడుగు.”

“మనాలి చేసి చూపిస్తది అంటడు. వస్తే ఆయన పేరు, రాకపోతే నా పేరు. ప్రాజెక్టు నుంచి తీసేస్తడు. ఆడపిల్లకు గింత చదువెందుకని మీ పంచాయితీ పెద్దమనుషులు మళ్ల షురూ చేస్తరు.”

“ఎవడంటడు? పండ్లు రాలగొడ్త! జర పసుపు పెట్టి చూడుమను.”

“చూసినం. దారం కాలే. బెల్లం పాకమైంది.”

“అక్షింతలు?”

“అవి తడివి. నీళ్లు తాకితే ప్రతి చుక్క తన వరుస తను మొదలు పెడ్తది. ఎవడి గుంపు వానిదే. అన్ని పొట్టి ముక్కలే. మన చాల్ కమిటీ లెక్క.”

“కమిటీ జోలికి పోకు.”

“మిషన్ల పెట్టి చూసినం. సున్నం తేలింది.”

“ఏం సున్నం?”

“సున్నం. చున్నా. తెల్లగుంటది.”

“సున్నమంటే ఏందో నాకే చెప్తున్నవా? ఆఁ, కుంకుమది! పసుపుల సున్నం కలిపే కదా కుంకుమ చేసేది.”

“నాగ్‌పాడా బజార్ల కొన్న పొట్లం అది. వట్టి రంగు. దాన్ని సుత చూసినం.”

“అయితే గోడది రాలుంటది.”

“మా గోడలకు ఆయిల్ పెయింటు.”

“పైకప్పు?”

“పెదనాయినా.”

“గాలికొచ్చుంటది బిడ్డా. ముంబై గాలి ఎట్లుంటదో తెల్వదా నీకు?”

“సున్నం ఒక్కటే లేదు. దాంతోని ఏదో ఆకుది సుత తేలింది.”

“తమలపాకా?”

“కాదు.”

“జర నీళ్లియ్యి.”

“చెంబు నీ పక్కనే ఉన్నది. ఏ సున్నం, దాంతోని ఏ ఆకు, తెలిస్తే సోమవారం గట్టెక్కుత. తెల్వకుంటే నా పని ఖతం. నీకు తెలిస్తే చెప్పు, లేకుంటే నేను పోయి ల్యాబుల సామాన్లు సర్దుకుంట.”

“కూసో, కూసో. మీ పెద్దమ్మ ఏడున్నది?”

“నీళ్లు పట్టనీకె కిందికి పోయింది.”

“తలుపు దగ్గరికెయ్యి. మెల్లగ మాట్లాడు. ఎల్లమ్మ తల్లి ముందర మీ పెద్దమ్మ పెంటమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన.”

“ఏమని?”

“నమిలే తంబాకు ముట్టనని. పోయిన దసరాకు.”

“మరి ఈ దసరాకు?”

“మీ ల్యాబు కింద నిలబడ్డ. పైకి రావాల్నంటే భయమైంది. అన్ని గాజు సామాన్లు, తెల్ల కోట్లు. మన ఇంటి పిల్ల అండ్ల పనిచేస్తదా అని కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ధైర్యానికి జర తంబాకు, జర సున్నం అరచేతుల వేసి నలిపిన. చెయ్యి కడుక్కోలే. అదే వేలుతోని బొట్టు పెట్టిన. నీ కొత్త మేస్త్రీ ఎవడో కాదు బిడ్డా, నా వేలే.”

“ఆ ఒక్కనాడేనా?”

“రోజు.”

“రోజు?”

“రోజు! ఏడాది సంది రోజు! డబ్బి మెట్ల కింద మీటరు పెట్టె వెనక ఉన్నది. పో, తెచ్చుకో. సోమవారం వాళ్ల ముందర అదే కలుపు. నీ పని పోవద్దు. నా పేరు చెప్పినా సరే, పెంటమ్మకు మాత్రం చెప్పకు.”

“పెదనాయినా, నువ్ బొట్టు పెట్టింది ఖాళీ సీసకు.”

“ఏందీ?”

“కడిగి ఆరబెట్టిన ఖాళీ సీస. అసలుది నీ చేతికిస్తననుకున్నవా? అది గాలి సుత తాకకుండ బంద్ పెట్టెల ఉన్నది. కంపెనీ లేదు, సోమవారం లేదు. సార్ పాపం బిడ్డ పెండ్లికి నాసిక్ పోయిండు.”

“మరి మిషన్ల సున్నం తేలిందంటివి?”

“మిషన్ పెద్దమ్మే. నీ అంగి జేబుల తెల్ల మరకలు ఉతికేది ఆమెనే కదా.”

“దగా! పెద్దమనిషిని పట్టుకొని గింత దగా—”

“మూడు నెలల సంది మిరపకాయ ముట్టలే. బుక్క చిన్నగ చేసుకొని తింటున్నవ్. డాక్టర్ దగ్గరికంటే పంచాయితీ ఉన్నదంటవ్. అడిగితే తంబాకు ఎప్పుడో బంద్ చేసిన అంటవ్. నిన్ను ఇంకెట్ల పట్టుకోవాలె? పెద్దమ్మా, వంటింటి తెర తీసి బయటికి రా.”

“అంత ఇన్న బిడ్డా. మీటరు పెట్టె వెనకనంట! ఇంట్ల బియ్యం డబ్బలన్ని ఒంపి ఒంపి చూసిన. ఓ మేస్త్రీ, నా నెత్తి మీదనే కదా చెయ్యి పెట్టినవ్?”

“పెంటమ్మా, అది కాదే…”

“దవాఖానకు పోవాలె, చెప్పులేస్కో మేస్త్రీ. టాక్సీ కింద నిలబడ్డది.”

“నాకేం కాలే! నా నోరు మంచిగున్నది!”

“అయితే తెరువు పెదనాయినా. నోట్ల మూడు వేళ్లు నిలువుగ పట్టాలె, పట్టకుంటే తంబాకు రోగం మొదలైనట్టేనని డాక్టర్ చెప్పిండు. తెరువు. ఇంక తెరువు. జర ఇంక… పెద్దమ్మా, రెండు సుత పడ్తలేవు.”