నాకు గుండె నొప్పి రాలేదు

హలో… ఆ, నేనేరా కన్నా, మీ నానమ్మనే. ఈ ఆసుపత్రి గదిలో ఇంకెవరుంటారు, నేనూ నా ఒంటికి అంటించిన ఈ తీగలూ తప్ప.

…తిన్నాను. తినకేం? నర్సమ్మ పెట్టినదంతా తిని ఇంకాస్త అడిగాను. గుండె జబ్బు మనిషి ఇలా తింటుందా అని ఆవిడ ఒకటే నవ్వు.

…ఆగాగు. మీ నాన్న పక్కనే ఉన్నాడు కదూ? ఆ గుసగుస నాకు వినపడుతోంది… సరే, అప్పజెప్పు. లాయరు ఏం నేర్పాడో విందాం.

…ఊ.

…ఊఁ. కారులో నాకు గుండె పట్టేసింది. నేను విలవిల్లాడిపోయాను. ఆ కంగారులో ఇస్త్రీ ఆవిడకి కారు తగిలిన సంగతే నువ్వు చూసుకోలేదు. నా ప్రాణం కాపాడాలని ఆపకుండా వచ్చేశావు. అంతేనా?

బాగుంది. మరి ప్రాణం మీదికొచ్చిన ముసలిదాన్ని వెనక సీట్లో పెట్టుకుని, ఇదే ఆసుపత్రి గేటు ముందునుంచి తిన్నగా ఇంటికెందుకు పోయావురా?

…దారిలో తగ్గిపోయిందా? పోలీసులు ఫోన్ చేశాక మళ్ళీ వచ్చిందా? ఏం, అది నొప్పా, సిటీ బస్సా, పోయి మళ్ళీ రావడానికి!

…వెటకారం కాదురా. మంట.

…ఏంటీ, నేను చూడలేదని చెప్పాలా? కళ్ళద్దాల షాపునుంచే కదరా వస్తున్నాం! "ఇక చీమ కూడా కనపడుతుంది నానమ్మా" అన్నది నువ్వే. కనపడింది. చీమ కాదు, మనిషి.

…వద్దంటే ఎలా? వినాలి నువ్వు. ఆవిడ సందులోంచి గబుక్కున వచ్చిన మాట నిజం. నువ్వు బ్రేకు తొక్కిన మాటా నిజం. తప్పు ఎవరిది ఎంతో తేల్చేవాళ్ళు తేలుస్తారు. ఆవిడ పడింది. మూట ఊడిపోయి ఇస్త్రీ బట్టలు రోడ్డంతా… ఒక తెల్లచొక్కా వచ్చి మన అద్దానికి అతుక్కుంది. నువ్వేం చేశావు? దిగి తీశావా?

…చెప్పు మరి.

…నేను చెప్తా. వైపరేశావు. చొక్కా పక్కకి జారింది, నువ్వు కారు ముందుకి దూకించావు. ఆపరా, ఆపరా అని నీ సీటు గుద్దుతూనే ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ కాలు చూసుకోవట్లేదు… కూర్చున్నచోటే బట్టలు ఏరుకుంటోంది.

…ఏడువురా. ఏం పర్లేదు.

…భయమేసిందని నాకు తెలియదా? మీ తాతయ్య బస్సు నడిపిన రోజుల్లో ఒక సైకిలాయన అడ్డం వచ్చి పడ్డాడు. జనం చుట్టూ మూగి తాతయ్య చొక్కా చింపేశారు. అయినా కదల్లేదే! ఆ సైకిలాయన తల ఒళ్ళో పెట్టుకుని రోడ్డుమీదే కూర్చున్నాడు. దెబ్బలు తిని ఇంటికొచ్చాడు కానీ, ఆ రాత్రి గురకపెట్టి పడుకున్నాడు. నిన్న రాత్రి నీకు నిద్రపట్టిందా?

…అదీ సంగతి.

లాయరు నా ముందే అన్నాడు కదరా, ముసలిదానికేం తెలుస్తుందిలే అనుకుని. గుద్దినది ఒక కేసట, అది చిన్నదే కావచ్చట. ఆగకుండా, ఆవిణ్ణి ఆసుపత్రికి చేర్చకుండా, పోలీసులకి చెప్పకుండా పారిపోయావే, అది వేరే కేసట. జైలుదాకా లాగేది అదేనట. ఇప్పుడు నా గుండె అడ్డం పెట్టి అబద్ధమాడితే దానిమీద ఇంకోటి. తవ్వుకుంటూ పోతే ఎక్కడ తేలతావు?

…లైసెన్సు పోతుందా? పోనీ. నడిచి తిరుగు.

…ఉద్యోగం… ఏమోరా. పోవచ్చు. ఏం కాదని నేను అననురా. నాకు మాత్రం బాధ లేదా?

…ఎవరూ? ఓహో, నువ్వా! లాక్కున్నావా కొడుకు చేతిలోంచి ఫోను?

…పరువా? ఆవిడ కాలి ఎముక విరిగి పడుంటే నీకు పరువు గుర్తొచ్చిందీ!

…నోరు మూసుకోవాలా? నేనా? నీకు మాటలు నేర్పిన నోరిది, నువ్వు మూయిస్తావా? ఇక్కడి నర్సమ్మకి చెప్పాను. పక్కగది పెద్దాయనకి చెప్పాను. తుడవడానికొచ్చిన అమ్మాయికి, అడక్కపోయినా చెప్పాను. డాక్టరుకైతే నా గుండె బంగారంలా ఉంది, నన్ను పంపించెయ్యి బాబూ అన్నాను. నాచేత దాచిపెట్టించాలనుకున్నారే, మీ తెలివి తెల్లారినట్టే ఉంది!

…అరుచుకో, అరుచుకో. అరిచి అయ్యాక ఫోను వాడికివ్వు. ఇవ్వరా అంటే!

…ఆ, కన్నా. విను. ఆ కూత ఏం లేదు, తీగలు పీకేశాను, మిషను గోల పెడుతోంది.

…పరిగెడుతోంది నర్సమ్మ, పరిగెట్టనీ. …ఏంటమ్మా? వచ్చేశాడా?

ఒరే, ఇన్‌స్పెక్టరు మెట్లెక్కి వస్తున్నాడట, నా వాంగ్మూలానికి. నేను అబద్ధం చెప్పను. చచ్చినా చెప్పను. కానీ నేను ముందు చెప్పాననుకో, నానమ్మ పట్టించిందంటారు నిన్ను. నువ్వు ముందు చెప్తే, నువ్వే ఒప్పుకున్నావంటారు. ఈ వరండా దాటి ఆయన వచ్చేలోపు తేల్చుకోవాలి నువ్వు.

…లాయర్ని అడిగి కాదు. నాన్నని అడిగి కాదు.

…ఉన్నాను. ఫోను పెట్టెయ్యను.

…ఏమన్నావు? గట్టిగా అను కన్నా, వెనక మీ నాన్న అరుపులే వినపడుతున్నాయి.

…ఆ.

…ఆ, జైలైనా సరే, వెంట నేనొస్తాను. ఆవిడ దగ్గరికీ ఇద్దరం కలిసే వెళ్దాం. అలాగే ఉండు, పెట్టెయ్యకు.

రండి బాబూ, కూర్చోండి. నాకా? నాకేం జబ్బు లేదు. నేను చెప్పేది చాలా ఉంది, తర్వాత తీరిగ్గా రాసుకుందురు. ముందు కారు నడిపినవాడు మాట్లాడతాడట, మా మనవడు… ఇదిగోండి ఫోను. చెవికి బాగా ఆనించుకోండి బాబూ, వాడి గొంతు సన్నగా వస్తోంది.