ఊరంతా జ్వరమే

(పంజాబు. గోధుమ కోతల కాలం. బయట గొళ్ళెం పెట్టిన ఒక ఇంటి తలుపు. లోపల నిహాలో. వెలుపల ఊరి చౌకీదారు ఘసీటా.)

"నీళ్ళు కిటికీలో పెట్టాను. రొట్టెలు కూడా ఉన్నాయి. తీసుకో బిడ్డా, నేను వెళ్ళాలి."

"రొట్టెలెవరు అడిగారు చాచా? డాక్టరుకు చెప్పావా, లేదా?"

"మెల్లగా! వీధి చివర లంబర్దారు మనుషులు కూర్చున్నారు."

"కూర్చోనీ. వాళ్ళకి వినబడాలనే అరుస్తున్నా. చెప్పావా?"

"పిల్లకెలా ఉంది?"

"నేనడిగిందేంటి, నువ్వడిగేదేంటి? ఒళ్ళు కాలిపోతోంది. చంకలో గడ్డ నిమ్మకాయంత అయింది. చెయ్యి దించలేకపోతోంది నా తేజో. వాళ్ళ నాన్నకి వచ్చినట్టే వచ్చింది."

"ఇషర్‌కి వచ్చింది జ్వరం."

"ఎవరికి చెబుతున్నావు? పోయాక ఆయన ఒంటిమీద నీళ్ళు పోస్తుంటే ఆ గడ్డ నేను చూశాను. నువ్వూ చూశావు. చూసి కూడా ఠాణాలో లెక్క రాసే మున్షీకి జ్వరమని చెప్పొచ్చావు."

"ఊరు ఊరంతా అలాగే చెప్పమంది. ప్లేగన్న మాట నా నోట్లోంచి వస్తే ఏమవుతుందో తెలీదా? సర్కారువాళ్ళొచ్చి అందర్నీ పొలాల్లోకి తోలేస్తారు. ఇళ్ళ కప్పులు పీకి ఎండబెడతారు. కోసిన పంటంతా కళ్ళంలో ఉంది. లంబర్దారు ఇంట్లో పెళ్ళి కూడా..."

"ఓహో! ఆ పెళ్ళికోసమా నా తలుపుకి గొళ్ళెం?"

"పెళ్ళికోసమని నేనన్నానా?"

"ఊరి పెద్ద కదా, ఆయన మీసం మీద చెయ్యేస్తే చాలు, నీకు మాట పడిపోతుంది."

"ఏమైనా అను. పడతాను."

"అనడానికి కాదయ్యా పిలిచింది! పక్క ఊళ్ళో గడ్డ కోస్తే ఇద్దరు బతికారని ఎవరు చెప్పారు?"

"జనం అనుకున్నారు."

"నువ్వు చెప్పావు. ఆ డాక్టరు కాలవ బంగళాలో దిగాడనీ నువ్వే చెప్పావు. రేపు పొద్దున్నే వెళ్ళిపోతాడనీ నువ్వే చెప్పావు. ఇన్ని చెప్పడానికి నోరుంది, అక్కడిదాకా నడవడానికి కాళ్ళు లేవా?"

"కాళ్ళు విరగ్గొడతారే!"

"విరగనీ! నా బిడ్డ చచ్చిపోతోంది చాచా! నీ తలపాగా లాక్కుని పారిపోయేది. దొంగా దొంగా అంటూ నువ్వు వెంటపడేవాడివి. మర్చిపోయావా?"

"ఆపు బిడ్డా."

"ఆపను. పోనీ, ప్లేగని చెప్పకు. ఇషర్ కూతురు తేజోకి ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పు. వచ్చి చూస్తే ఆయనకే తెలుస్తుంది."

"ఆ పేరు చెప్పలేను."

"పేరు చెప్పడానికేం మాయరోగం నీకు?"

"లంబర్దారు తంతే తన్నులు తినేవాణ్ణి, నిజం. ఆ పేరే... ఆ పేరు చెప్పకూడదు."

"ఎందుకు చెప్పకూడదు?"

"తవ్వకు తల్లీ."

"ఈ తలుపుకి తల బాదుకుంటా చాచా. ఎందుకు?"

"వద్దొద్దు! చెబుతా. పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ ఠాణాలో చెప్పడానికి పదిహేను రోజులకోసారి వెళ్తాం కదా. మొన్న వెళ్ళాను. ఇషర్ పేరు చెప్పాను. చావు ఆలస్యంగా చెబితే మున్షీ బూతులు తిడతాడు. అందుకని, ఇక బతకరని తోచినవాళ్ళని ముందే చెప్పేస్తాం. నేనొక్కణ్ణే కాదు, అన్ని ఊళ్ళ చౌకీదార్లూ అంతే..."

"ఎవర్ని చెప్పావు?"

"ఆ రోజు పిల్ల కళ్ళు తెరవలేదు. నువ్వే ఏడ్చావు, ఇంక దక్కదని..."

"ఎవర్ని చెప్పావు చాచా?"

"తేజోని."

"ఏమని?"

"జ్వరంతో పోయిందని."

"ఇందాకే మంచినీళ్ళడిగిందయ్యా అది! గుక్క తాగి అమ్మా అంది! దాన్ని చంపేసి వచ్చావా?"

"తప్పయిపోయింది. ఠాణా నుంచి ఆ పేర్లు డాక్టరుకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు బతికుందని చెబితే ఇషర్ సంగతీ బయటపడుతుంది. నన్ను జైల్లో వేస్తారు. నాకూ పిల్లలున్నారు నిహాలో. నీకు దణ్ణం పెడతా, నన్నేం చెయ్యమంటావు?"

"వాళ్ళ లెక్కలో ఈ ఇంట్లో ఇప్పుడెవరున్నట్టు?"

"నువ్వొక్కదానివే."

"జ్వరంతో పోతే డాక్టరు రాడు. అంతేనా?"

"రాడు."

"ప్లేగుతో పోతే?"

"ప్లేగయితే ఆ పూటే పరిగెత్తి చెప్పాలి. శవం లేవకముందే వస్తాడు. లోపలికొచ్చి గది గదీ తనే చూస్తాడు. ఎందుకే?"

"లంబర్దారు అడ్డం పడితే?"

"సర్కారు డాక్టరు తెరవమంటే ఎవడు అడ్డం పడతాడు? ఎందుకడుగుతున్నావసలు?"

"చచ్చింది బతికొచ్చిందని నువ్వు చెప్పక్కర్లేదులే. బతికున్నవాళ్ళని చచ్చారని చెప్పడం నీకు అలవాటేగా."

"నిహాలో... ఏమంటున్నావు?"

"పరిగెత్తు చాచా. ఇషర్ పెళ్ళాం నిహాలో ప్లేగుతో చచ్చిపోయిందని చెప్పు."