టైల్స్ మీద మట్టి

రెండువేల ఇరవై మూడు, అక్టోబరు నెలాఖరు, ఐప్పసి నెల వానలు బాగా పట్టుకున్నాయి. అప్పుడు కదప్పా మీ అక్క మంగళ నన్ను వదిలి, పెట్టె సర్దుకొని మాధవరంలో మీ ఇంటికొచ్చేసింది? వానలు పోయి, చలి పోయి, ఎండలు ముదిరినాక ఇప్పుడు నువ్వొచ్చినావు రాజీకి. సంకన ప్లాస్టిక్ గడ్డి చాప, చేతిలో ప్లాస్టిక్ ఆకుల కుండీ. సీమంతానికి సారె తెచ్చినట్టుంది నీ వాలకం, బాలకృష్ణా.

కూచో. ఆడ కాదు, ఆ స్టూలు మీద రెట్ట ఉంది. ఈడ కూచో. ఆ చాప మాత్రం గడప బయటే ఉండనీ.

చూడు బాగా. హాల్లో సగానికి జాలీ కట్టినాను. అందులోవి ఫించ్‌లు. పిచ్చుక కంటే చిన్నవి. ఎర్ర ముక్కు, మగదానికి చెంపల మీద నారింజ బొట్లు. అరుపు విన్నావా? తిరునాళ్లలో అమ్మే బొమ్మ బూర మాదిరి.

వీటిని నేను కొనలేదు. మీ అక్క చెప్పిందో లేదో. స్టూడియోలో పెద్దింటి సెట్టు వేసినారు, అందానికని పంజరం నిండా ఇవి తెప్పించినారు. షూటింగ్ అయింది, సెట్టు పీకేసినారు, పంజరాన్ని చెత్త పక్కన పెట్టేసినారు. గింజ లేదు, నీళ్లు లేవు. తీసుకుపోను ఎవరూ రాలేదు. చూసీ చూడనట్టు వచ్చేయాల్నా? ఆటోలో పెట్టుకొని ఇంటికి తెచ్చినాను.

మొదటి రోజు కొర్రలు కడిగి పెట్టింది మీ అక్కే. అది చెప్పి ఉండదు నీకు.

నా పనేందో నీకు తెలుసు. బతుకంతా సెట్టుల్లో తోటలు వేసినాను. పొద్దున ఖాళీ ఫ్లోరు చూపిస్తారు, మధ్యాహ్నానికి తోట కావాలంటారు. రంపపు పొట్టుకు పచ్చరంగు కలిపి పరిస్తే గడ్డి. ఇసుకలో కొమ్మలు గుచ్చితే చెట్లు. లైట్ల వేడికి వేప కొమ్మ గంటలో తల వాల్చేస్తుంది. గన్నేరు మాత్రం సాయంత్రం దాకా నిగనిగలాడతా ఉంటుంది. అందుకే మా సెట్టువాళ్లకు గన్నేరంటే అంత ఇష్టం.

పిట్టలకూ అదే వేసినాను. చేతికొచ్చిన పనే కదా ఎవరైనా చేసేది? పచ్చపొట్టు పరిచినాను, గన్నేరు కొమ్మలు గుచ్చినాను. హీరోయిన్ వచ్చి పాట పాడుకోవచ్చు, అంత బాగుండింది.

తెల్లారి చూస్తే మూడు పిట్టలు పొట్టులో వెల్లకిలా పడున్నాయి. ఆకు కొరికినాయి. మనిషినే పడేస్తుంది ఆ ఆకు, వేలెడంత పిట్టను వదులుతుందా? మిగిలినవి పొట్టు దుమ్ముకు తుమ్ముకుంటా ఒక మూలకు చేరినాయి.

మీ అక్క ఏడ్చింది. కొంగులో వేసుకొని కిందికి పోయి, పంపు పక్కన పూడ్చి వచ్చింది. వచ్చి ఏం చెప్పింది? ఇవి మనకొద్దు, ఎవరికన్నా ఇచ్చేయమనింది. ఇవ్వనంటే పేపరు పరిచి ప్లాస్టిక్ మొక్కలు పెట్టు, అవైతే చంపవు అనింది.

మంచి మాటే. నేను కాదన్నానా? కానీ చూడప్పా, వాటిని చంపింది నా దొంగ తోట. దాని చోట ఇంకో దొంగ తోట వేయాల్నా?

పేపరు పరిచి చూసినాను. వానాకాలం, సముద్రపు గాలి, తెల్లారేసరికి తడిసి ముద్ద. కొబ్బరి పొట్టు పోసినాను, నాలుగు రోజులకు తెల్లగా బూజు. గడప అవతల నువ్వు పెట్టిన చాప ఉంది కదా, చేయి చాపి గోరు పెట్టి లాగు. వచ్చిందా పోగు? అది పిట్ట కాలికి చుట్టుకుందంటే కాలు తెగేదాకా వదలదు.

అందుకని మట్టి. ఊరికే పోసినాననుకున్నావా? టైల్స్ మీద టార్పాలిన్ రెండు మడతలు వేసి, మీద బొగ్గు, దాని మీద కడిగిన ఇసుక. కిటికీ దగ్గర మాత్రం ఎర్రమట్టి. రెట్ట పడితే ఇసుక పైపైన జల్లెడ పడతాను, వాసన వస్తుందా చెప్పు. కొర్రలు చల్లితే ఆ గడ్డంతా లేచింది. అది చిన్న వెదురు, అది మందారం, అది తులసి. నర్సరీలో పురుగుల మందు కొడతారు కదా, ప్రతి మొక్కనూ మేడ మీద పెట్టి, రోజూ కడిగి, కొత్త ఆకు వచ్చినాకనే లోపలికి తెచ్చినాను. ఒక్క గన్నేరుతో బుద్ధొచ్చింది.

కిటికీలో మీ అక్క మనీప్లాంట్ ఉండింది. అదీ పిట్టలకు పడదన్నారు, పీకేసినాను. అడగకుండానే పీకినాను. అడిగితే ఇచ్చేదా?

ఉండు, ఉండు. నువ్వు ఏ మాటెత్తుతావో నాకు తెలుసు. టైల్స్.

మీరు పుట్టిన ఇంట్లో మట్టి నేల. వానొస్తే మీ అమ్మ మంచం మీద పొయ్యి పెట్టి వండేదంట. కింద బురదలో పడుకోలేక మీ అక్క నిన్ను ఒళ్లో వేసుకొని కూచునేదంట. నీకు గుర్తుండదు, పసోడివి. ఆమెకు గుర్తుంది. అందుకే చేతి గాజులు అమ్మి తెల్ల టైల్స్ వేయించింది. పొద్దున ఒకసారి, దీపం పెట్టే ముందు ఒకసారి తుడిచేది. చెప్పులతో ఎవరన్నా వస్తే, వాళ్లు పోయినాక మళ్లీ తుడిచేది.

పోయే రోజు పెట్టె చేత పట్టుకొని గడపలో నిలబడింది. తిట్టలేదు. "మట్టిని తప్పించుకునేదానికే నీ ఇంటికొచ్చినాను" అనింది. అంతే, మెట్లు దిగింది.

ఆమె మాట నిజమేనప్పా.

అయితే ఒకటి అడుగుతాను. టైల్స్ కావాలని నేనెప్పుడన్నా అన్నానా? ముందు ఈడ సిమెంటు నేల. పెళ్లైన కొత్తలో నేను పని నుంచి వచ్చి అన్నం తిన్నాక, మీ అక్క ఆ నేల మీద సుద్దముక్కతో అక్షరాలు రాసి దిద్దించేది. వేలిముద్ర వాణ్ణి నేను. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాయమనేది. నిద్రొస్తా ఉందంటే మొహాన నీళ్లు చల్లేది. ఆ నేలను కప్పేసేటప్పుడు నన్ను ఎవరన్నా ఒక మాట అడిగినారా? అలిగి నేనేమన్నా పెట్టె సర్దుకున్నానా?

సరే, వదిలేయ్.

ఏంది, మాటిమాటికీ కిటికీలోకి చూస్తావు? నీ ఆటో ఇంకా పోలేదే. లోపల ఎవరు?

మీ అక్కనా? ఈ ఎండలో ఆమెను ఆటోలో కూచోబెట్టి, నువ్వు నా దగ్గర కాలు మీద కాలేసుకొని కూచున్నావా?

ఓహో. మట్టి ఎత్తి చాప పరిస్తేనే పైకొస్తుందా. ఇప్పుడే ఎత్తాల్నా.

ఇట్లా రా. ఆ గడ్డి మొదట్లో చూడు. గట్టిగా అడుగేయద్దు. కనబడినాయా? నిన్న గూట్లోంచి దిగిన పిల్లలు. ఎగరను రాదు, అందుకే నేల మీద దాక్కున్నాయి. ఈ పూట మట్టి కదిపితే తల్లి బెదిరి పిల్లలకు మేత పెట్టడం మానేస్తుంది.

అవి పెద్దయినాక ఎత్తుతానా అంటే, ఎత్తను. అబద్ధమెందుకు చెప్పాల? చాప పరిచి, ఆమె పైకొచ్చినాక మళ్లీ మట్టి పోసే రకం కాదు నేను.

పైకొచ్చి ఒకసారి చూడమను. లోపల కాలు పెట్టనక్కర్లేదు, గడపలో నిలబడి చూడమను. నేనే కిందికి దిగి ఆమె దగ్గరికి పోవాల్నా? దిగితే మట్టి ఎత్తడానికి ఒప్పుకున్నట్టే. నేను దిగను.

ఫోన్ చేస్తావా, చెయ్యి.

ఏమంటుంది? పిల్లలెన్ని అని అడుగుతా ఉందా?

నాలుగని చెప్పు.

ఫోన్ పెట్టేసిందా.

చూసినావా, ఆటో తిప్పుకుంటా ఉంది. నిన్నూ వదిలేసి పోతా ఉంది మీ అక్క. నువ్వింక బస్సులోనే పోవాల, ఆ చాప కూడా మోసుకొని పో. కూచో, కాఫీ పెడతాను. ఇప్పుడు నేనే పెట్టుకుంటా ఉన్నాను, వండుకుంటా ఉన్నాను. ఆమె పెట్టినట్టు ఉండదు, తాగు.

పిట్టలు ఈడ ఉంటాయి. మంగళ మాధవరంలో ఉంటుంది.