దిబ్బ మీద గుడ్డ ఊపొద్దు

రేవు దాటేక ఇసకదిబ్బ మీద ఒంటి సింతసెట్టు ఉంది గదా, దాని కాయ ఎవరైనా కోసుకురాగా సూసేరా మీరు? ఏటేటా ఇరగకాస్తాది, కాసి, ఎండి, రాలి ఇసకలో కలిసిపోతాది, ఒక్క ఆడమనిసి కూడా అటు బుట్ట పట్టుకెల్లదు. దాని కింద వల ఆరబెట్టరు. మేక కూడా అటు పోదంటారు గాని అది అబద్దం, మేక పోతాది, మేకకేటి తెలుసు? మనిసే పోకూడదు.

ఇయ్యాల ఈ మాట ఎందుకెత్తేనో తెలుసా? పొద్దున్న ఆ ఫోనులో, ఎక్కడో సముద్రంలో రెండు ఓడలు గుద్దుకుని కాలిపోతంటే మీరంతా తలకాయలు ఒకసోట పెట్టి సూసేరు. ఈల ఎవడేసేడ్రా? నువ్వే గదా సన్నాసీ? నవ్వకు, నాకు సెవుడొచ్చిందనుకున్నారేమో, రానేదు. ఒలే పైడీ, ఆ సేపలు తరవాత తోముకుందువు గాని, నువ్వూ వచ్చి కూకో. ఇంత ఉక్కపోతలో కూడా కొంగు నడుముకి బిగించి ముడేసుకుంటావేటే ముసిల్దానా అని ఎప్పుడూ ఎక్కిరిస్తావు గదా, అదీ సెప్తాను.

మా కాలంలో జెట్టీ నేదు, ఇంజన్లు నేవు. తెడ్లేసుకుని ఎల్లడం, తెడ్లేసుకుని రావడం. మన ఒడ్డు సంగతి మీకు తెలియందేటి, పెద్ద కెరటాలు మూడో నాలుగో వరసగా లేస్తాయి, తరవాత కాసేపు నెమ్మదిస్తాది, ఆ సందులో నావ దూరి వచ్చీయాల. మరి నావలో నీళ్ళ మట్టాన కూకున్నోడికి ఎనకాల ఏటి లేస్తందో ఎలా తెలుస్తాది? దిబ్బ మీద నిలబడ్డోడికి తెలుస్తాది. అందుకని ఆ సింతసెట్టు కింద కొర్లయ్య మావ ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడేవోడు. గుడ్డ రెండు సేతులతో కిందకి వేలాడేసి పట్టుకుంటే ఆగమని. తల మీద తిప్పితే రమ్మని. అంతే, ఇంకేటీ నేదు. నావలో ఉన్నోళ్ళు కెరటాన్ని సూడరు, గుడ్డనే సూస్తారు. కన్నతల్లి మాట ఇనకపోదురు గాని ఆ గుడ్డ మాట ఇనేవోరు.

నాకు పెళ్ళై మూడు నెల్లు. మా ఆయన నావకి ఎనకాల తెడ్డు పట్టేవోడు, అంటే నావ ఎటు తిప్పాలో ఆయన సెయ్యే సెప్పాల. పేరు సెప్పను, అడక్కండి. పెళ్ళిలో పెట్టిన పచ్చసీర, సిలకపచ్చ, అదే కట్టుకు తిరిగీదాన్ని, ఎంత దూరాన్నుంచైనా నిన్ను ఆనవాలు పడతానే అని మురిసిపోయీవోడు.

అదిగో, ఆ ఎండాకాలం, మద్దేన్నం అన్నాలు తింటంటే సముద్రం మీద పిడుగు పడినట్టు సప్పుడైంది. ఎల్లి సూద్దుము గదా, రెండు ఓడలు, ఒకదాని పక్కలోకి ఒకటి దూరిపోయి ఉన్నాయి, ఒకదాంట్లో నూనె ఉందట, అది అంటుకుంది. ఓలమ్మో, ఆ మంట! నీళ్ళే కాలిపోతన్నట్టు. ముందు మేము ఏడిసేము, అబద్దమెందుకు, అందులో ఉన్నదీ కడుపుకోసం సముద్రమెక్కినోళ్ళే గదా అని. మా ఆయనా, ఇంకో ముగ్గురూ నావ తోసుకుని ఎల్లిపోయేరు. నేను ఒద్దననేదు. ఎలా అంటాను, నీళ్ళలో మనిసి ఉన్నాడంటే ఎల్లాల్సిందే గదా మనోళ్ళు?

ఆ తరవాత జనం రావడం మొదలెట్టేరు. ఎక్కడెక్కడి ఊళ్ళోళ్ళో! సైకిళ్ళు, ఎడ్లబళ్ళు, పట్నం నుంచి రెండు బస్సులు కూడా. సంకలో పిల్లల్ని ఎత్తుకుని వచ్చేరు. ఒకడు పొయ్యెట్టి మరమరాలు ఏపుతున్నాడు, ఒకడు పీచుమిఠాయి. ఆ ఓడలో బంగారముందని ఒకడు, తెల్లోళ్ళ సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తాదని ఒకడు, పాపం ఎంతమంది పోయేరో అని ఒకావిడ, అంటూనే మరమరాలు నవుల్తంది. పొగ పైకి లేసినప్పుడల్లా ఓ అని కేకలు. సాయంత్రానికి నేనూ ఏడుపు మర్సిపోయేను. మనిసి బుద్ది అలాంటిది, ఎదటోడి ఇల్లు కాల్తంటే కాసేపు ఏడిసి, తరవాత సూస్తా నిలబడిపోతాది.

దిబ్బ మీద కాలు పెట్టడానికి సోటు నేదు. సింతకొమ్మల మీద కూడా మనుసులే. కొర్లయ్య మావ దిగండ్రా, పక్కకి పొండ్రా, నావ వచ్చే ఏల అయింది అని బతిమాలేడు, తిట్టేడు, ఎవడింటాడు? ఎవడో ముసిలోడు అనుకున్నారు. నేను మావ పక్కనే నిలబడ్డాను.

పొద్దు వాల్తండగా నావ కనిపించింది. నలుగురెల్లేరు గదా, తొమ్మిదిమంది ఉన్నారు. అయిదుగురిని లాక్కొచ్చేరు. కెరటాలకి అవతల నావ ఆగింది, గుడ్డ కోసం సూస్తన్నారు. మావ గుడ్డ కిందకి పట్టుకున్నాడు, ఆగమని. పెద్ద వరస లేస్తంది ఎనకాల, నేనూ సూసేను.

జనానికి ఏటి తెలుసు? తెచ్చేరు, బతికించేరు అని ఒక్కసారే కేక లేసింది. ఎవడో తువ్వాలు తీసి తల మీద తిప్పేడు. ఆణ్ణి సూసి ఇంకోడు, ఇంకోడు, సొక్కాలు ఇప్పి తిప్పినోళ్ళు, ఆడోళ్ళు, కొమ్మల మీదోళ్ళు, దిబ్బంతా గుడ్డలే. మావ గొంతు సించుకున్నాడు, ఒద్దర్రో ఒద్దర్రో అని. ఈలల్లో కలిసిపోయింది ఆ అరుపు. నావ మూతి ఇటు తిరిగింది. మూడో కెరటం దాన్ని నిలబెట్టి తిరగేసింది.

తొమ్మిదిమందీ పోయేరు. మంటలోంచి బయటపడ్డోళ్ళు మా ఒడ్డున, మా కళ్ళ ముందు పోయేరు. జనం ఇప్పిన సొక్కాలు తొడుక్కుని, తువ్వాళ్ళు భుజాన ఏసుకుని, ఒక్కొక్కరే బస్సులెక్కీసేరు. ఆరు శవాలు దొరికేయి. మా ఆయన దొరకనేదు.

కొర్లయ్య మావకి మతి పోయింది. రోజూ ఎల్లి గుడ్డ కిందకి పట్టుకుని నిలబడీవోడు, ఎవరి నావ వచ్చినా పైకెత్తీవోడు కాదు. నెల తిరక్కుండా ఆ సెట్టు కిందే పోయేడు. ఆ తరవాత మొదలైంది. ఎండుసేపలు కొనడానికొచ్చిన షావుకారొకడు సందేళ ఆ సెట్టు కింద కూకుని, సెమట పట్టిందని తువ్వాలు దులిపేడు. దులిపేడో నేదో కెరటాల్లోంచి నావ మూతి తిరిగిందట, నూనె కాలిన కంపట, మనుసులు నీళ్ళోడుకుంటా దిబ్బెక్కి వచ్చి సుట్టూ నిలబడ్డారట. రమ్మన్నావు గదా, వచ్చేం అన్నారట. ఆ మాట సెప్పి మూడో నాటికి పోయేడు ఆ షావుకారు.

ఊరంతా అటు ఎల్లడం మానీసింది. నేను ఎల్లేను. ఎందుకెల్లేవే అని అడగండి. మొగుడి మొకం మళ్ళీ సూడాలని ఉండదా నాకు? సావు భయం అప్పుడు నాకు నేదు. పచ్చసీర కట్టుకుని సందేళ ఎల్లి, కొంగు తీసి తల మీద తిప్పేను.

వచ్చేరు. షావుకారు సెప్పిన కంపే. ముందు ఆ ఊరుగాని ఊరోళ్ళు అయిదుగురు, జుట్టు కాలిపోయి, తరవాత మనోళ్ళు, ఆకరికి ఆయన. ఆయన్ని ఒక మాట అడిగేను. ఇన్నేళ్ళయినా, నేను ఎవరికీ సెప్పనిది ఇదొక్కటే, ఇనండి. ఆ జనం తువ్వాళ్ళు సూసి మోసపోయేవా అయ్యా అని అడిగేను.

ఆయన నేదన్నాడు. జనం ఎర్రోళ్ళని నాకు తెలీదా అన్నాడు. కొర్లయ్య గుడ్డ కిందకే ఉంది, సూసేను, ఆగుదామనే తెడ్డు బిగించి పట్టేను, అప్పుడే ఆ పక్కన పచ్చకొంగు లేసింది, నువ్వు పిలిస్తే ఆగుతానా అన్నాడు.

అవును. నేనూ ఊపేను. అందరికన్నా గట్టిగా ఊపేను. వరస లేస్తండడం సూసి కూడా, ఆయన బతికొచ్చేడన్న సంబరంలో ఒళ్ళు తెలీక ఊపేను.

మరింకా దగ్గరికి రమ్మంటావా అని అడిగేడు. అడిగి, ఆగేడు, సెయ్యి తెడ్డు పట్టినట్టే ఉంది. రమ్మనాలనే ఉంది నాకు, ఒట్టు. కానీ ఆ కాలినోళ్ళు, మిగతా ముగ్గురూ అందరూ నా కొంగుకేసే సూస్తన్నారు. అప్పుడు కొంగు రెండు సేతులతో కిందకి లాగి పట్టుకున్నాను, మావ పట్టినట్టు. ఆ రోజు పట్టాల్సింది ఆ రోజు పట్టనేదు, అప్పుడు పట్టేను. ఒక్కొక్కరే ఎనక్కి ఎల్లిపోయేరు. ఆయన ఎనక్కి తిరిగి సూడనేదు.

అదీ ముడి సంగతి, పైడీ. గాలికి కొంగు లేసిందంటే రమ్మన్నాననుకుంటాడు.

కాబట్టి ఆ సెట్టు కాడికి ఎల్లకండి. దారి తప్పి ఎల్లినా, సెమట పడితే పట్టనియ్యండి, తువ్వాలు తీయకండి. ఒరే సన్నాసీ, ఆ భుజమ్మీద గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకో.