పగలని ఎర్ర గుడ్డు

ఈస్టర్ ముందు వచ్చే గురువారం. కార్పేతియన్ కొండల్లో, చెక్కగుడ్లు చేసే తనాసి పనిగది. చెక్కను గిర్రున తిప్పుతూ ఉలితో నునుపు చేసే తరిణె ముందు తనాసి, కిటికీ పక్కన రంగుల గిన్నెలతో అతని భార్య హఫియా. గడప దగ్గర పీట మీద ఒనుఫ్రి బాబాయి. పొద్దున వచ్చి కూర్చున్నవాడు ఇంకా కదల్లేదు.

“ఇదేం గుడ్డురా తనాసీ? చేతిలో ఉన్నట్టే లేదు. ఊదితే ఎగిరిపోయేలా ఉంది.”

“చెక్క బాబాయ్. చెక్క చెక్కలాగే ఉంటుంది. గుడ్డులా ఉండాలంటే కోడినడుగు, నన్నడుగుతావేం?”

“వేళాకోళాలాడకు. ఉడికిన గుడ్డు ఎంత బరువుంటుందో అంత ఉండాలన్నాను. అన్నానా లేదా?”

“అన్నావు. అన్నావనేగా తేలికైన లిండెన్ చెక్క పక్కన పడేసి గట్టి బీచ్ చెక్క పట్టాను. నా ఉలి కాస్తా మొద్దుబారింది.”

“అయినా తేలికే.”

“అబ్బబ్బ! బాబాయ్, అటు చూడు ఆ బుట్టలు. సాయంత్రానికి దుకాణం వాళ్ళొస్తారు. లేళ్ళ గుడ్లు, నక్షత్రాల గుడ్లు, దేవదారు కొమ్మల గుడ్లు, సగం ఇంకా రంగే చూళ్ళేదు. రేపు శుభ శుక్రవారం, తరిణె ముట్టకూడదు. నాకున్నది ఈ ఒక్క పూట. దాన్ని కూచుని నమిలేస్తున్నావు నువ్వు.”

“నీ లేళ్ళెక్కడికీ పారిపోవులే. ముందు నాది చూడు.”

“మామయ్యా, ఇదిగో, ఈ లేడిబొమ్మ గుడ్డు తీసుకెళ్ళండి. ఊరికే ఇస్తున్నాను. దేవుడి పటం ముందు పెట్టుకుందురు గాని.”

“లేడి నాకెందుకమ్మాయ్? నాకు ఉత్త ఎరుపు కావాలి. ఉల్లిపొట్టేసి ఉడకబెడితే వస్తుందే, ఆ ఎరుపు. కోడిగుడ్ల మధ్యలో పెడితే ఏది ఏదో నీక్కూడా తెలీకూడదు.”

“ఉల్లిపొట్టు అయిపోయింది మామయ్యా.”

“ఆ మూలనున్న బస్తా ఏంటి?”

“అదా... అది వేరేవాళ్ళది.”

“వేరేవాళ్ళ ఉల్లిపొట్టు నీ ఇంట్లో కాపురముంటోందా?”

“ఏమే హఫియా, బస్తాడు పొట్టు ఎదురుగా పెట్టుకుని అయిపోయిందంటావేంటి?”

“మీరు మీ పని చూసుకోండి! ఆ గుడ్డు మీద లేచిన చెక్క పీచు గీకండి ముందు.”

“చూశావురా? నీ పెళ్ళాం వరస చూశావు కదా? పొద్దున్నుంచీ ఇంతే. ఇందాక రంగేసిచ్చింది, ఇదిగో, చూడు. చెక్కలో గీతలన్నీ పైకి కనబడుతున్నాయి. ఏ ఊరి కోడి ఇలా గీతల గుడ్డు పెడుతుందమ్మా?”

“చెక్క రంగు తాగేస్తుంది మామయ్యా. నేనేం చెయ్యను?”

“సుద్దపొడి, జిగురు కలిపి ముందొక పూత వెయ్యి. నున్నగా రుద్దు. అప్పుడు రంగు పట్టించు. ఇది నీకు నేను చెప్పాలా? ఈ కొండల్లో నీ అంత చెయ్యి తిరిగిన మనిషి లేదు. నువ్వు కావాలనే పాడు చేస్తున్నావు.”

“నేనెందుకు పాడు చేస్తాను? నాకేం పనిలేదా?”

“అదే అడుగుతున్నాను, ఎందుకని?”

“నాకు ఓపిక లేదు. అంతే. చేతులు నొప్పులు. వద్దు మామయ్యా, ఈ గుడ్డు మాట వదిలెయ్యండి. ఇంటికెళ్ళండి. చలిగాలి తగుల్తోంది గడపలో, మీకసలే దగ్గు.”

“నా దగ్గు సంగతి నీకెందుకిప్పుడు? తనాసీ, ఇంకోటి విను. ఇలా ముందు పళ్ళకి తట్టి చూడు. విన్నావా? నిజం గుడ్డు టిక్కుమంటుంది. ఇది బీటలు వారిన కుండలా మూగగా ఉంది.”

“ఉన్న రెండు పళ్ళతో భలే విన్నావు బాబాయ్!”

“రెండైతేనేం, అబద్ధం చెప్పవు. పళ్ళకి తట్టి చూస్తే దొరికిపోకూడదు. అది ముఖ్యం.”

“ఆగాగు. దొరికిపోకూడదా? ఎవరికి? ఓహో... ఇప్పుడు అర్థమైంది. ఇల్కోగాడి కోసమా?”

“ఇల్కో ఎవడు?”

“ఎవడేంటి! నిరుడు గుడి ముందర గుడ్డు గుడ్డు కొట్టుకునే పందెంలో నీ గుడ్లన్నీ పగలగొట్టి టోపీ నిండా వేసుకుపోయినవాడు. రాత్రికి పండగ పస్కా రొట్టె కూడా తినకుండా అలిగి పడుకున్నావట కదా ఆ రోజు. పిన్నే చెప్పింది.”

“దాని నోట్లో ఏ మాటా ఆగదు.”

“సిగ్గులేదూ బాబాయ్! పండగ పూట, గుడి ముందు, ఫాదరు చేత దీవెన నీళ్ళు చల్లించుకుని మరీ చెక్క గుడ్డుతో పందెమాడతావా? ఆ పాపమొచ్చి నా తరిణెకి చుట్టుకోదా? పట్టను. ఇంకొక్క గుడ్డు కూడా పట్టను. లే, లేచి వెళ్ళు.”

“ఇల్కో కోసం కాదురా.”

“మరెవరి కోసం?”

“ఇంట్లోకి.”

“ఇంట్లో ఉన్నదే మీరిద్దరు. అంటే పిన్నిని మోసం చేస్తావా!”

“ఆ.”

“ఆ ఏంటి, ఆ?”

“మోసమే చేస్తాను. దాన్నే చేస్తాను. నీకేం నొప్పి? చెక్క నీది, ఉలి నీది, పాపం నాది. పట్టు!”

“అరవకు బాబాయ్, దగ్గొస్తుంది. అదిగో వచ్చింది. హఫియా, నీళ్ళు. చూడు, ఎందుకింత మొండితనం? విషయం చెప్పకుండా పొద్దున్నుంచీ బరువు లేదు, మోత లేదు అని నా ప్రాణం తోడేస్తున్నావు. పిన్నిని ఎందుకు ఓడించాలి నువ్వు?”

“ఓడించడానికి కాదురా వెధవా. గెలిపించడానికి.”

“ఏంటీ?”

“చెక్క గుడ్డు నాకు కాదు. దాని చేతిలో పెట్టడానికి. ఆదివారం తెల్లారి గుళ్ళోంచి వచ్చి, రొట్టె కొయ్యకముందు మేమిద్దరం గుడ్లు తట్టుకుంటాం కదా. ఎవరి గుడ్డు నిలిస్తే వాళ్ళు ఏడాదంతా రాయిలా ఉంటారు. పగిలినవాళ్ళు ఏడాది తిరక్కుండానే... తెలుసుగా.”

“తెలుసు. ఆ మాటంటే నువ్వే పగలబడి నవ్వేవాడివి. ముసలమ్మల సోది అనేవాడివి.”

“అనేవాణ్ణి. ఈ ఏడు నవ్వు రావట్లేదు.”

“బాబాయ్...”

“నిరుడు దాని గుడ్డు పగిలింది. నవ్వాను. దాని ముందే నవ్వాను. ఇప్పుడు చూడు, మీ పరాస్కా పిన్ని నాకు మిగిలేలా లేదు. అది పళ్ళకి తట్టకుండా ఏ గుడ్డూ చేతిలోకి తీసుకోదు. అందుకేరా బరువుండాలి, మోతుండాలి అని చంపుతున్నది. బుట్టలోంచి నేనే తీసి చేతికివ్వాలి, అది తట్టి చూసుకోవాలి, నమ్మాలి, నా గుడ్డు పగలాలి. నమ్మితే మనిషి కాస్త నిలదొక్కుకుంటుందేమోనని.”

“ముందే చెప్పి ఏడవచ్చు కదా బాబాయ్! ఇల్కో అనీ, పాపం అనీ నా చేత ఇన్ని మాటలనిపించావు. ఇలా ఇయ్యి అది. లావు వైపు తొలిచి లోపల సీసం పోస్తాను, మళ్ళీ చెక్క బిరడా కొట్టి నున్నగా పడతాను. బరువు దానంతటదే వస్తుంది. చేపల వలకి కట్టే సీసం గుళ్ళు కొట్టంలో ఎక్కడో ఉండాలి. హఫియా, సుద్ద కలుపు.”

“ఏవండీ, వద్దు. నా మాట వినండి—”

“నోర్మూసుకుని కలుపు! మనిషన్నాక జాలుండాలి.”

తనాసి కొట్టంలోకి వెళ్ళాడు. హఫియా సుద్ద కలపలేదు.

“కలుపమ్మా. వాడొచ్చేస్తాడు.”

“అత్తయ్యకి ఒంట్లో బాగాలేదని మీకెవరు చెప్పారు మామయ్యా?”

“ఎవరు చెప్పాలి? కళ్ళు లేవా నాకు? తిండి మానేసింది. ఉపవాసం రోజులని కూడా చూడకుండా మీగడంతా నా గిన్నెలో వంపేసి, తను ఉత్త జావ తాగుతోంది. ఇదేంటే, దేవుడు కొడతాడే అంటే, నీకు దగ్గు కదా, దేవుడు ఏమనుకోడులే అంటుంది. అది, నా పరాస్కా! ఉపవాసంలో చుక్క పాలు నాకిందని పిల్లిని కొట్టిన మనిషి.”

“పెద్దవాళ్ళయ్యాక అంతే మామయ్యా, ఒకరి మీద ఒకరికి...”

“కట్టెలు కొట్టనివ్వదు. గొడ్డలి అడిగితే ఎక్కడ దాచిందో చెప్పదు. నా పక్క తెచ్చి పొయ్యి పక్కన వేసింది. మొన్న ఏమడిగిందో తెలుసా? గడ్డి కోసే పెద్ద కొడవలి ఎలా నూరాలో నేర్పమంది. ఈ వయసులో! నీకెందుకే, నేను లేనా అంటే ఏడ్చింది. ఇవన్నీ పోయే మనిషి చేసే పనులు కాదూ?”

“కాస్త నీళ్ళు తాగండి మామయ్యా.”

“మాట మార్చకు. నేనేమన్నా మతిలేక వాగుతున్నానా?”

“డాక్టరు దగ్గరికి వెళ్ళారు కదా మొన్నామధ్య.”

“వెళ్ళాం. నా దగ్గుకే వెళ్ళాం. వీపు మీద తట్టాడు, ఊపిరి పీల్చమన్నాడు, ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించాడు. తర్వాత నన్ను బయట బల్ల మీద కూచోమని దాన్ని లోపలికి పిలిచి తలుపేశాడు. ఎంతసేపటికీ రాదు. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమన్నాడే అంటే, నీకేం లేదు, ఉత్త దగ్గు, చలి తగలకూడదన్నాడు అంది. నాకేం లేదంటే మరెవరికి ఉన్నట్టు? పనిలో పనిగా అది కూడా చూపించుకుని ఉంటుంది. నా దగ్గర దాస్తోంది. యాభై ఏళ్ళ కాపురంలో నా దగ్గర ఒక్క సంగతి దాచలేదమ్మాయ్ అది. దాచడం కూడా రాదు దానికి.”

“మామయ్యా, ఇంటికెళ్ళండి. మీకు దణ్ణం పెడతాను. ఈ గుడ్డు వద్దు మీకు.”

“మళ్ళీ మొదలెట్టావా? అసలు నీకేమైందే ఇవాళ? ఏం పాపం చేశానని ఇలా పొమ్మంటున్నావు? ఒక ఎర్ర గుడ్డు, ఒక్కటంటే ఒక్కటి, ముసలివాడు కాళ్ళు పట్టుకుని అడిగితే...”

“అయ్యో, కాళ్ళేంటి! నేను చెప్పకూడదు. శిలువ ముట్టించి ఒట్టేయించుకుంది.”

“ఎవరు?”

“అత్తయ్య. పోయిన బుధవారం వచ్చింది, ఈయన సంతకెళ్ళినప్పుడు. అత్తయ్యకేం లేదు మామయ్యా. గుండ్రాయిలా ఉంది. మీ కంటే వేగంగా కొండెక్కి వచ్చింది.”

“ఇక్కడికా? ఎందుకొచ్చింది?”

“చెక్క గుడ్డు కోసం. ఎర్రది. కోడిగుడ్లలో కలిసిపోయేది. సుద్ద పూతేసి, రుద్ది, ఉల్లిపొట్టు రంగేసి ఇచ్చాను. పట్టుకెళ్ళిపోయింది.”

“అదెవరితో ఆడుతుంది? అది గుడి ముందు పందేలాడదే.”

“మీ చేతిలో పెట్టడానికి మామయ్యా. ఆయన బరువులూ మోతలూ చూసుకోడు, నేనేదిస్తే అది పట్టుకుంటాడు అంది. మీ గుడ్డు మాత్రం పగలకూడదంది.”

“నాదా? నాదెందుకు పగలకూడదు?... ఆగు. నువ్వేం చెప్పకు. ఆగు కాసేపు.”

“కూచోండి మామయ్యా. నీళ్ళు తాగండి. చెప్పి ఉండాల్సింది కాదు. నా నోరు పడిపోను, నేను చెప్పి ఉండాల్సింది కాదు. మీరిక్కడ ఇలా బతిమాలుతుంటే ఎంతసేపని దాచను?”

“డాక్టరు తలుపేసి చెప్పింది నా గురించా.”

“ఎండలు ముదరగానే కొందరికి నెమ్మదిస్తుందట మామయ్యా. డాక్టర్లు చెప్పినవన్నీ జరుగుతాయా?”

“ఎన్నాళ్ళన్నాడు? చెప్పకులే. అది నీకు కూడా చెప్పి ఉండదు. కొడవలి... అందుకా నూరడం నేర్పమంది. పిచ్చి మొహం. ఇన్నాళ్ళూ నా ఎదురుగా నవ్వుతూ తిరిగిందే! నేనేమో అది పోతుందని దానికి కనబడకుండా గొడ్ల చావిట్లో కూచుని ఏడిచాను.”

“బాబాయ్! దొరికింది సీసం! ఏడు పాత సంచులు తిరగేశాను, చెయ్యంతా మేకులకి గీసుకుపోయింది. అయితేనేం, రా, ఇటు కూచో. ఎంత బరువు కావాలో చెప్పు, ఉడికిన గుడ్డు కాదు, బాతు గుడ్డంత చేసిస్తాను. హఫియా, సుద్దేది? ఇంకా కలపలేదా? ఏంటిద్దరూ అలా ఉన్నారు?”

“వద్దురా తనాసీ.”

“ఏం వద్దు?”

“గుడ్డు వద్దు. నీ లేళ్ళ పని చూసుకో. సాయంత్రం దుకాణం వాళ్ళొస్తారన్నావుగా.”

“చంపావు పో! తేలికన్నావు, మోత లేదన్నావు, గీతలన్నావు, ఉలి మొద్దుబారింది, చెయ్యి కోసుకుంది, పూటంతా గంగలో కలిసింది. తీరా అంతా సిద్ధం చేస్తే ఇప్పుడు వద్దా? పిన్ని గుడ్డు పగలకూడదని నువ్వే కదా ఏడ్చావు?”

“పగలనీరా. నిజం కోడిగుడ్డే పెడతాను దాని చేతిలో, ఆ కోడిగుడ్లలోకల్లా పెంకు పల్చగా ఉన్నది ఏరి మరీ పెడతాను. దాని గుడ్డు పగిలి నాది నిలిస్తే మీ పిన్ని ఎంత సంతోషిస్తుందో నీకు తెలీదు.”