మూలా నక్షత్రం, రెండో పాదం

శ్రీ మజ్జి నూకరాజు గారు 1990వ సంవత్సరం మార్చి పన్నెండో తేదీన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా ప్రవేశించి, స్వయంకృషితో క్రేను డ్రైవరుగా పదోన్నతి పొంది, బరువైన బోగీలను పూలబుట్టల్లా ఎత్తి దించుతూ, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆయన క్రేను కింద పనిచేసినవారిలో ఏ ఒక్కరికీ గోరంత గాయం కాలేదు. అదేమైనా సామాన్య విషయమా!

జ్యోతిషంలోనూ ఆయనది అందె వేసిన చెయ్యి. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో బిడ్డ పుడితే నక్షత్రం చెప్పి ఊరుకునేవారు కారు. దానిలోని నాలుగు పాదాలలో ఏదో తేల్చనిదే ఫలితానికి నోరు విప్పేవారు కారు. ఆ పట్టింపే ఆయన మెడకు చుట్టుకుంది. ఇంట్లో కుమార్తె జన్మించిన వేళ ఆయన రాత్రి డ్యూటీలో ఉన్నారు. తెల్లవారుజామున మోగే వర్క్‌షాపు మొదటి సైరనుకూ రెండో సైరనుకూ నడుమ మూల మొదటి పాదం వెళ్లి రెండోది వచ్చింది. మొదటిదైతే తండ్రికి గండం, రెండోదైతే తల్లికి గండమని శాస్త్రం. ఆ లెక్కంతా ఆయన ముందే ఇంట్లో చెప్పి ఉన్నారు. ఇంట్లో గడియారం లేదు. "రెండో సైరన్ కూసినాకే పుట్టింది మావా" అన్నారు సతీమణి చిలకమ్మ గారు. ఆయన గుండెల్లో రాయి పడింది. బిడ్డకు స్వాతి అని పేరు పెట్టుకున్నది కూడా మూల అన్న మాట ఇంట్లో వినపడకూడదనే.

నాటి నుండి ఆ మహానుభావునికి కంటి మీద కునుకు లేదు. చిలకమ్మ గారు తుమ్మితే హడలు, బజారు నుంచి రావడం ఆలస్యమైతే హడలు. "ఏటి గురూ, వదిన దగ్గితే నువ్వు సెలవెట్టేస్తావేటి?" అని సహోద్యోగి టోని ఆటపట్టించేవాడు.

గత మాసం చిలకమ్మ గారు తీవ్ర జ్వరంతో ఆసుపత్రిలో చేరగా, నూకరాజు గారు మంచం పట్టె పట్టుకుని, "రెండో పాదం నా కొంప ముంచేసినాది" అని బావురుమన్నారు.

"ఏటా ఏడుపు!" అని కసిరారావిడ. "పిల్ల మొదటి సైరన్ కూయకముందే పుట్టినాది. గండం నీకే."

"మరలాగెందుకు సెప్పినావే?"

"నిజం సెప్తే భయంతో క్రేనెక్కుదువు. సెయ్యి వణికితే నీ గతేటి, కిందున్నోళ్ల గతేటి? అందుకే నా మీదేసుకున్నాను. ఇంక క్రేను దిగిపోతన్నావు గదా, సెప్పేసినాను."

"నీకు భయమెయ్యలేదేటే?"

"ఎయ్యకేటి? నువ్వు గుమ్మంలో కాలెట్టేదాకా ఏ పూటా నాకు ముద్ద దిగలేదు."

దైవకృప వలన చిలకమ్మ గారు కోలుకుని, నేడు ఆయన పక్కన ఈ వేదికపై ఆసీనులైనారు. ఆ పుణ్యదంపతులు ఇకనైనా భయమేస్తే ఒకరికొకరు చెప్పుకుంటూ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు కలిసి బ్రతకాలని మనసారా కోరుకుంటున్నాము.